నెమలి నాటకశాలలో గుంటల చంద్రుడు

నెమలి నాటకశాల గుమ్మం దగ్గర మట్టి డబ్బా పట్టుకుని నిలబడేదాన్ని నేను. అందులో పెన్నీ పడిన చప్పుడు వినిపిస్తే తప్ప ఎవర్నీ లోపలికి వదిలేదాన్ని కాదు. పడవలు నడిపేవాళ్లు, కసాయివాళ్లు, పని ఎగ్గొట్టి వచ్చిన చెప్పుల కొట్టు కుర్రాళ్లు, లవంగాలు గుచ్చిన నారింజపండు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చే దొరబిడ్డలు, అందరూ నన్ను దాటి వెళ్లినవాళ్లే. కాబట్టి ఆ చంద్రుడి గొడవ గురించి బయట ఎవరేం చెప్పినా నమ్మకండి. ఆవిడ దెయ్యాల్ని పిలిచిందనేవాళ్లున్నారు. మొగుడు పోయాక మతి చెడిందనేవాళ్లున్నారు. రెండూ అబద్ధమే. మొదట్నించీ చివరిదాకా నేను అక్కడే ఉన్నాను.

ఆవిడంటే థామసిన్. లండన్ ఊళ్లో రంగుల పని చేసే పర్కిస్ పెళ్లాం. మా పెద్దపిల్లకి బాప్తిస్మం ఇప్పించినప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది తనే. ఆ రోజునుంచి నేను తనకి వదినని, తను నాకు వదిన. పెళ్లి కాకముందే మశూచి వచ్చి మొహం నిండా గుంటలు పడ్డాయి థామసిన్‌కి. పర్కిస్ మాత్రం, "మొహానిదేముంది, రంగు నూరే చెయ్యి చూశాను" అని చేసుకున్నాడు. నిజంగానే చెయ్యి అలాంటిది. మొగుడు చనిపోయాక కొట్టు ఆవిడే నడిపింది. రంగుల పనివాళ్ల సంఘంలో ఒక రివాజు ఉంది: మొగుడు పోతే, మళ్లీ పెళ్లి చేసుకోనంతకాలం పెళ్లాం ఆ కొట్టు నడుపుకోవచ్చు. గుమ్మం మీద మొగుడి పేరుతో బోర్డు మాత్రం ఉండాలి. ఆ బోర్డు ఉన్నంతవరకే కొట్టు. ఆ కొట్టు ఉన్నంతవరకే తనకీ, మంచానపడ్డ అత్తగారికీ ఇంత రొట్టె.

ఈ సంఘం పెద్దలు ఏడాదికి కొన్నిసార్లు సోదాకి వస్తారు. తప్పుడు పని కనిపిస్తే, అంటే ఖరీదైన నీలిరాయి పొడి వెయ్యాల్సిన చోట నేరేడు రసం లాంటిదేదో పూశారనుకోండి, ఆ పని అక్కడికక్కడే చెరిపించి, బోర్డు దింపించి పోతారు. ఇది గుర్తుపెట్టుకోండి, దీని చుట్టూనే అంతా తిరిగింది.

జేమ్స్ రాజుగారు గద్దెనెక్కిన కొన్నేళ్ల తరవాతి మాట ఇది. మా నాటకశాల నదికి ఇవతలి ఒడ్డున ఉండేది. వేదిక మీద రెండు స్తంభాలమీద నిలిచే కప్పు ఉంటుంది కదా, దాని అడుగుభాగాన్ని మేం ఆకాశం అంటాం. నీలం పూసి, దానిమీద సూర్యుడు, చంద్రుడు, పన్నెండు రాశులు, బంగారు చుక్కలు. ఆ శీతాకాలం కప్పు కారి, ఆకాశం అంతా పొక్కులు లేచి, రాజు వేషం కట్టినవాడి కిరీటంలో సింహరాశి తోక ఊడిపడింది. జనం దానికి కొట్టినన్ని చప్పట్లు ఆ నాటకానికి మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు. దాంతో నాటకశాల యజమాని బార్నబీ, ఈస్టరు ముందు ఉపవాసాల్లో ఎలాగూ ఆటలుండవు కదా అని, ఆకాశం మొత్తం కొత్తగా వెయ్యమని థామసిన్‌ని పిలిచాడు.

ఇక్కడ యాకబ్ సంగతి చెప్పాలి. మా వీధిలో కళ్లద్దాలు చేసేవాడు యాకబ్, సముద్రం అవతలనుంచి వచ్చిన ఫ్లెమిష్ ముసలాయన. గొట్టానికి అటో అద్దం, ఇటో అద్దం బిగించి దూరంగా ఉన్నది దగ్గరికి లాగే సాధనం అప్పుడప్పుడే ఆ దేశాలనుంచి వస్తోంది. యాకబ్ కూడా ఒకటి చేశాడు. ఓడల కెప్టెన్లకి అమ్ముకుందామని ఆయన ఆశ. థామసిన్ ఆయన కొట్టు తలుపుకి రంగు వేసిపెట్టినప్పుడు, ఓడలు చూడమని ఆ గొట్టం ఆవిడ చేతికిచ్చాడు. ఓడలు ఎంతసేపు చూస్తుంది? అప్పుడే ఆకాశంలోకి ఎక్కుతున్న సగం చంద్రుడి మీదికి తిప్పింది. ఇక ఆ గొట్టాన్ని వదల్లేదు.

నన్నూ చూడమంది. నాకు మొదట నా కంటి రెప్పే కనిపించింది. తరవాత ఏదో తెల్లగా వణికింది. తరవాత నిలబడింది. ఏం చెప్పమంటారు, కసాయి సందులో వాన వెలిశాక నేల ఎలా ఉంటుందో అలా ఉంది. గుంటలు, గట్లు. గుంటకి ఒకవైపు నీడ, ఎదుటివైపు అంచు మెరుపు. చిన్నప్పట్నించీ మా పెద్దవాళ్లు చూపించే ముళ్లమోపు మోసుకునే మనిషి కనిపిస్తాడే చంద్రుడిలో, వాడూ లేడు, వాడి కుక్కా లేదు. వాడి కోసం ఎంత వెతికానో.

ఉపవాసాల రోజులన్నీ అలాగే గడిచాయి. చంద్రుడు కనిపిస్తే చూడ్డం, కనిపించకపోతే పరంజా మీద వెల్లకిలా పడుకుని రంగు వెయ్యడం. కుందేలు తోలు ఉడికించిన జిగురు కంపు, జుట్టంతా నీలం చుక్కలు. రాశులన్నీ పాత పద్ధతిలోనే వేసింది. చంద్రుణ్ని మాత్రం తను చూసినట్టు వేసింది. బార్నబీ కిందనుంచి తలెత్తి చూసి, ఇదేదో కొత్త సొగసు కాబోలనుకుని మెచ్చుకుని వెళ్లిపోయాడు. ఆయనకి చూపు అంతంతమాత్రం.

ఈస్టరు తరవాత సోమవారం, ఆట ఉందని జెండా ఎగరేశాం. జనం గుమ్మం విరగ్గొట్టేలా వచ్చారు. ఆ రోజు నాటకంలో డ్యూక్ వేషం ఆంబ్రోస్‌ది. నదికి ఇవతల అంత గొంతు ఇంకొకడికి లేదు, అంత గర్వమూ ఇంకొకడికి లేదు. డ్యూక్ తన ప్రియురాలికి మాటిచ్చే ఘట్టం వచ్చింది. ప్రియురాలంటే ఆడవేషం కట్టిన రాఫ్.

మా నాటకాలవాళ్లకి ఒక పద్ధతి ఉంది. నాటకం మొత్తం ఎవరి చేతికీ ఇవ్వరు. ఎవరి మాటలు వాళ్లకి ఒక కాగితం చుట్టలో రాసిస్తారు, ఎదుటివాడి మాటల్లో చివరి రెండు మూడు ముక్కలు మాత్రం కలిపి. ఆ ముక్కలు చెవిన పడితేనే నీ మాట ఎత్తుకోవాలి. పడకపోతే ఎంతటి నటుడైనా కొయ్యబొమ్మే.

ఆంబ్రోస్ చెయ్యి పైకెత్తి ఆకాశం చూపించాడు. "ఆ చంద్రుణ్ని చూడు. గరుకు లేదు, గీత లేదు, దేవుడు సానపట్టిన వెండి అద్దం. ఆ అద్దం సాక్షిగా చెబుతున్నా, నువ్వే నా రాణివి."

ఇదీ ఆయన అనాల్సింది. "వెండి అద్దం" దగ్గరికి వచ్చేసరికి జనమంతా ఆయన చూపించిన వైపే తలలెత్తారు. వేదిక ముందు నిలబడ్డ కసాయి ఒకడు, బాదంలాంటి గింజలేవో కొరుకుతూ, తాపీగా అన్నాడు. "అద్దమేలే అయ్యా. రంగులావిడ మొహం కనిపిస్తోందిగా అందులో."

ఇక చూడాలి. ముందు వరసలోంచి నవ్వు మొదలై పై అంతస్తుదాకా పాకింది. ఆంబ్రోస్ మిగతా మాటలు అరిచాడో, మింగాడో దేవుడికే తెలియాలి. "నువ్వే నా రాణివి" అన్న ముక్క రాఫ్ చెవిన పడనేలేదు. వాడు నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకెవడో, "రాణిగారికి కూడా ఆ మొహం నచ్చలేదురా" అన్నాడు. ఆ ప్రేమ అక్కడితో సరి.

ఆట అయ్యాక ఆంబ్రోస్ టోపీ నేలకేసి కొట్టాడు. పన్నెండేళ్లుగా ఈ నాటకంలో ఆడవాళ్లు ఏడ్చే చోట ఈ రోజు కసాయివాళ్లు నవ్వారని, ఆ మొహం అక్కడ ఉన్నంతకాలం తను వేదిక ఎక్కనని చెప్పాడు. బార్నబీ చేతులు నలుపుకుంటూ థామసిన్ దగ్గరికి వచ్చి, ఒక పూట పని, కాస్త తెల్లరంగు పూసెయ్యమని బతిమాలాడు.

"పుయ్యను" అంది.

"కోపంగా చెబుతున్నావా, ఆలోచించి చెబుతున్నావా?"

"కోపం రేపటికి పోతుందండీ. ఇది పోదు."

అంతే చెప్పింది. ఊరు మాత్రం అంతటితో ఊరుకుంటుందా? మశూచి మొహం ఆడది అసూయకొద్దీ తన బొమ్మని ఆకాశంలో ఎక్కించుకుందని నదికి రెండు వైపులా పాకిపోయింది. సారాకొట్లలో దానిమీద పాట కట్టారు. ఆ పాట ఇక్కడ చెప్పను, నా నోటికి రాదని కాదు. థామసిన్ కొట్టుమీద ఎప్పట్నించో కన్నేసిన పక్కవీధి రంగులవాడు ఒకడు వెంటనే సంఘానికి ఫిర్యాదు చేశాడు, ఇది తప్పుడు పని అని. సోదాకి వస్తున్నామని పెద్దలు కబురు పంపారు.

ఆ కబురు వినగానే నేను పరిగెత్తాను. కొట్లో కూచుని సీసపు తెల్లరంగు నూరుతోంది. నా నోరు ఊరుకోదు కదా, గడగడా చెప్పేశాను. కప్పు కింద చంద్రుడు నున్నగా ఉంటే నీకేం పోయింది, పైనున్నవాడు ఎలాగూ ఉన్నట్టే ఉంటాడు, బోర్డు దింపితే ముసలమ్మకి గంజి ఎక్కణ్నించి వస్తుంది అని. లోపల మంచంమీదనుంచి అత్తగారు, "నా గంజి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నోరు ముయ్యవే సిస్లీ" అని అరిచింది. ముసలిదానికి చెవులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

థామసిన్ నూరడం ఆపింది.

"పెద్దింటివాళ్ల బొమ్మలు ఎన్ని వేశాను వదినా. ప్రతి దానికీ మచ్చలు తీసెయ్యమనేవాళ్లు. తీసేశాను. పిల్ల చచ్చిపోయి పెట్టెలో ఉంటే, మచ్చలు లేకుండా గీసిపెట్టమన్నారు. గీశాను. మొహాలు వాళ్లవి, వాళ్లిష్టం. చంద్రుడు నన్నేమీ అడగలేదు. ఉన్నవాడు ఉన్నట్టు కనిపించాడు. ఇన్నేళ్లలో నేను అబద్ధం కలపకుండా వేసిన మొహం అదొక్కటే. దాన్ని కూడా నున్నగా చేసేస్తే, ఇక ఈ చెయ్యి ఎందుకు నాకు?"

తను ఆపిన నూరుడు నేనందుకున్నాను.

సోదా రోజు మధ్యాహ్నం ఆట ఉంది. పెద్దలిద్దరూ పడవ దిగి వచ్చారు. పెద్దాయన డెల్, బొచ్చు కాలరు కోటు, నడుం వంగినా మాట వంగని మనిషి. రెండోవాడు క్రౌలీ, డెల్ దగ్గితే తనూ దగ్గే రకం. వాళ్ల దగ్గర మాత్రం పెన్నీ అడగలేదు నేను, ఇప్పటికీ బాధే. జనం అప్పటికే లోపలికి వస్తున్నారు. పైన ఆకాశం తేటగా ఉంది. ఎదుటి అంతస్తు కప్పుమీదుగా పగటి చంద్రుడు, సగం ముక్క, కడిగిన పింగాణీలా పాలిపోయి కనిపిస్తున్నాడు. ఆ రోజు ఆ వేళకి చంద్రుడు వస్తాడని థామసిన్ ముందే చూసుకుంది. యాకబ్ చేత గొట్టం తెప్పించి వేదిక అంచున కర్రమీద నిలబెట్టింది.

"ఒకసారి చూడండయ్యా, చూశాక మీరేమన్నా అనండి" అంది.

డెల్ ఆ గొట్టం వైపు కూడా తిరగలేదు. "ఏమ్మా, నేను ఈ పనిలోకి వచ్చింది నీ మొగుడు పుట్టకముందు. సూర్యుడు ఎలా ఉండాలో, చంద్రుడు ఎలా ఉండాలో, పెద్దలు మాకు ఒక నమూనా ఇచ్చారు. పనిని నమూనాతో పోల్చి తూస్తాం. ఎవరి కిటికీలోంచి ఎవరికి ఏం కనబడిందో అడగం."

క్రౌలీ మాత్రం ఉండబట్టలేక వంగి చూశాడు. చూసి, గభాల్న లేచి, "అద్దం మురికిగా ఉంది" అన్నాడు. యాకబ్ చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ చూశాడు. "అద్దంలోనే పొక్కులున్నాయి" అన్నాడు. యాకబ్ మొహం ఎర్రబడింది. ఆయన్ని పోపుగారి మనిషని తిట్టినా ఊరుకునేవాడేమో గాని, అద్దంలో పొక్కులంటే పడదు.

అప్పుడు ఆంబ్రోస్ ముందుకొచ్చాడు, డ్యూక్ బట్టల్లోనే, మొహానికి సగం రంగుతో. "తప్పుకోండి, ఈ మోసం నేను బయటపెడతాను" అన్నాడు. గొట్టానికి కన్ను ఆనించి, ఆ గొట్టాన్ని ఉన్నచోటే చేత్తో మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలెట్టాడు. పొక్కులు అద్దంలో ఉంటే గొట్టంతోపాటు అవీ తిరుగుతాయని ఆయన లెక్క. తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. అటునుంచి ఇటు తిప్పాడు. జనం నవ్వుతున్నారు, డ్యూక్‌గారు కవ్వం తిప్పుతున్నారని. ఆయన నవ్వలేదు. చాలాసేపటికి తలెత్తాడు.

"కదలట్లేదు" అన్నాడు. డెల్‌తో కాదు, నాతో కాదు, తనలో తనే. మళ్లీ వంగి చూశాడు. ఈసారి గొట్టం తిప్పలేదు, ఊరికే చూశాడు.

ఇక జనం ఊరుకుంటారా? ఆ కసాయివాడు ముందు, తరవాత పడవవాళ్లు, ఆ తరవాత ఒక దొరబిడ్డ నారింజపండు పక్కనపెట్టి మరీ. చూసినవాడల్లా కిందికి దిగి పక్కవాడికి చెప్పడం. కొందరికి ఏమీ కనబడలేదు, వాళ్లు ఇంకా ఎక్కువ చెప్పారు.

డెల్ ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఆయన తీర్పు మాత్రం మారలేదు. ఇది తప్పుడు పని. ఆట మొదలయ్యేలోగా ఆవిడే తన చేత్తో చెరపాలి. లేకపోతే రేపు పొద్దున్న బోర్డు దిగుతుంది. క్రౌలీ తెల్లరంగు కుండా, వెడల్పు కుంచే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. నిచ్చెన ఆకాశానికి ఆనించి ఉంది.

జనం గింజలు కొరకడం మానేసి నిచ్చెన వైపే చూశారు. థామసిన్ నిచ్చెన ఎక్కింది. పావడా ఒకచేత్తో పట్టుకుని, పైమెట్టుదాకా. ఎక్కిందంటే ఒప్పుకుందనే అనుకున్నాను. కుంచె ముంచింది. చంద్రుడి మీద పెట్టింది. ఒక గుంట అంచుమీద సన్నగా ఒక తెల్లగీత లాగింది. ఇంకో గుంటకి ఇంకోటి. కింద నిలబడ్డ మాకు ఆ గుంటలు ఇంకా లోతుగా, ఆ గట్లు ఇంకా ఎత్తుగా కనిపించాయి. ఎండ తగిలినట్టు లేచి నిలబడ్డాయి.

దిగి వచ్చి కుండ డెల్ చేతికిచ్చింది. "మొన్న ఇక్కడ తెలుపు తక్కువైందయ్యా. ఇప్పుడు సరిపోయింది. చెరపడం నా చేత్తో మాత్రం జరగదు. మీకు చెరపాలనుంటే నిచ్చెన అదుగో."

డెల్ ఎక్కలేడు. క్రౌలీ వైపు చూశాడు. క్రౌలీ ఒక మెట్టుమీద కాలు పెట్టాడు. అదే సమయానికి మిద్దెమీద బాకా మోగింది. ఆట ముందు బాకా మూడుసార్లు ఊదుతాం, మూడోది మోగాక నటులు తప్ప ఇంకెవరూ వేదికమీద పనులు చెయ్యడానికి లేదు. ఇదేమో మూడో బాకాయే. మొదటి రెండూ ఎవరూ వినలేదు, ఎందుకంటే ఎవరూ ఊదలేదు. బార్నబీ పైకి పరిగెత్తి ఊదించాడని తరవాత తెలిసింది. చూపు సరిగా లేకపోయినా మనిషికి గుండె ఉంది.

ఆంబ్రోస్ క్రౌలీ భుజంమీద చెయ్యివేసి, ఎంతో మర్యాదగా, డ్యూక్ గొంతుతో, "తమరు దయచేయండి, ఇది నా రాజ్యం" అన్నాడు. నిచ్చెన తీసేశారు. పెద్దలు గుమ్మందాకా నడిచి, అక్కడ ఆగి చూస్తూ నిలబడ్డారు. నా పక్కనే.

మళ్లీ ఆ ఘట్టం వచ్చింది. ఆంబ్రోస్ చెయ్యి పైకెత్తాడు. ఎత్తి ఆగాడు. ఎప్పుడూ ఆగని మనిషి. రాఫ్ కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు, తన ముక్క ఎప్పుడొస్తుందా అని.

"ఆ చంద్రుణ్ని చూడు" అన్నాడు. "గుంటలున్నాయి, గట్లున్నాయి, నా కళ్లతో చూశాను. అయినా ఊరంతటికీ వెలుగు అదే ఇస్తోంది. అది సాక్షిగా చెబుతున్నా, నువ్వే నా రాణివి."

చివరి ముక్క అక్షరం పొల్లుపోకుండా పెట్టాడు, రాఫ్ అందుకోవాలి కదా. రాఫ్ అందుకున్నాడు. ఎవడో ఒకడు నవ్వబోయాడు. పక్కనున్న కసాయి వాడి నెత్తిమీద ఒక్కటిచ్చాడు. ఆడవాళ్లు ఏడవాల్సిన చోట ఏడ్చారు. థామసిన్ ఏడవలేదు. స్తంభం పక్కన చేతులు కట్టుకుని, ఆ మొహాన్ని ఎత్తి, పైకి చూస్తూ నిలబడింది. జనం ఒకసారి పైకి, ఒకసారి ఆవిడ వైపు చూస్తున్నారు. చూడనిచ్చింది.

డెల్ నా చెవి దగ్గర, "రేపు పొద్దున్న" అన్నాడు. వెళ్లిపోయారు.

నాటకాలు చదివి అనుమతి ఇచ్చే దొరగారి మనిషి కూడా ఆ వారంలోనే వచ్చాడు, అనుమతి లేని మాటలు ఎందుకు పలికారని. ఆంబ్రోస్ మాటలు మరిచిపోయి ఏదో కలిపాడని బార్నబీ చెప్పి పంపించాడు. తను మాటలు మరిచిపోయాడన్నందుకు ఆంబ్రోస్ ఆయనతో ఎండాకాలం పొడుగునా మాట్లాడలేదు. జైల్లో వేసినా అంత బాధపడేవాడు కాదు.

మర్నాడు పొద్దున్నే నేను నది దాటి వెళ్లాను. ఏడుస్తూ ఉంటుందేమో, పక్కనుందామని. వెళ్లేసరికి కొట్టు ముందు సంఘం మనుషులిద్దరు సుత్తీ, గునపం పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకి పని లేదు. బోర్డు అప్పటికే కిందికి దిగింది. మేకులు కూడా పీకి, ఒక గుడ్డలో కట్టి పెట్టింది. బోర్డుని తడిగుడ్డతో తుడుస్తోంది, పెళ్లికి పంపే పిల్లని తుడిచినట్టు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. ఫిర్యాదు చేసిన రంగులవాడు కూడా.

థామసిన్ లేచి, బోర్డు వాళ్లకి అందించింది.

"ఇది మా ఆయన పేరు. మంచి మనిషి, జాగ్రత్తగా తీసుకెళ్లండి. ఇన్నేళ్లూ నా పనంతా దీనికిందే చేశాను, మీరు చెప్పినట్టే. నదికి అవతల ఉన్న చంద్రుడు మాత్రం నాది. దానికి బోర్డు లేదు, మీరు దింపడానికేమీ లేదు. మీ పెద్దాయనకి ఇదే మాట చెప్పండి."

వాళ్లు టోపీలు తీశారు. సుత్తి ఉన్నవాడు సుత్తి పట్టుకున్న చేత్తోనే తీశాడు.

తరవాత, ఇక మా ఒడ్డునే ఉందురుగాని అని, అత్తగారిని కుర్చీతో సహా పడవలోకి ఎక్కించాం. నది మధ్యలో ముసలిది వెనక్కి తిరిగి ఊరివైపు చూసి, "నా గంజి అవతల ఎవరు కాస్తారే?" అంది.

"నేను కాస్తాను పిన్నీ" అన్నాను.

"నీ గంజి నీళ్లలా ఉంటుంది" అంది. థామసిన్ తెడ్డు లాక్కుని, పడవవాడు వద్దంటున్నా వినకుండా, తనే వేసింది.